కొండ మలుపులో సన్న కూత

ఇప్పటి పిల్లోళ్లు మీరు, బండికి రోగమొస్తే కంప్యూటరు తగిలిస్తారు. అది ఏదో నంబరు చెప్తాది, మీరు ఆ పార్టు మారుస్తారు, అయిపోయ. ఎగతాళి చేయడం లేదు నాయనా, మంచిదే. మా కాలంలో మాకుండిన కంప్యూటరు రెండు చెవులు. ఆ చెవులు చూసుకొని నాకెంత పొగరుండిందో, అది ఎట్ల దిగిపోయిందో చెప్తాను, వినండి. వినగలిగిన వయసు మీది.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఒక షెడ్డులో నేను కార్లకు రేడియోలు, టేపు సెట్లు బిగించే పని చేసినాను. లైట్లు, హారను, వైరింగు కూడా నావే. పేరు మాత్రం పాటల వల్ల వచ్చింది. సెట్టు ఆన్ చేసి కండ్లు మూసుకున్నానంటే, వెనకాల ఎడమ స్పీకరు కాగితం చిరిగిందా, యాడన్నా వైరు తిరగేసి కలిపినారా, అంతా చెప్పేస్తానని జనం అనేవాళ్లు. జనం అనేదేమి, నేనే అనిపించుకునేవాణ్ణి. మద్రాసు నుంచి వచ్చే టాక్సీలోళ్లు కూడా "ఆ చెవులాయన షెడ్డు యాడ?" అని అడుక్కుంటా వచ్చేవాళ్లు. అట్ల అడిగినోడికి నా చేతి టీ ఖాయం.

నా బల్ల పక్కనే టింకరింగు మేస్త్రీ. సొట్టపోయిన డోర్లు, బానెట్లు సుత్తితో కొట్టి చదును చేసేవాడు. నాకన్నా పెద్దోడు. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి సందకాడ దించేదాకా డంగు డంగుమని ఒకటే మోత. ఆయనకు చెవులు ఎప్పుడో పోయినాయి. మేము ఆయన్ను ఏడిపించని దినం లేదు. టీ వచ్చిందని ఎన్నిసార్లు అరిచినా తిరిగి చూడకపోతే, "చెవిటోని ముందర శంఖం ఊదినట్టుండాదప్పా" అని నేనే గట్టిగా అని అందర్నీ నవ్వించేవాణ్ణి. మేము నవ్వేది చూసి, ఎందుకో తెలీకపోయినా, ఆయన కూడా నవ్వేవాడు.

ఒకనాడు ఆయన సుత్తి కింద పెట్టి నా దగ్గరికొచ్చినాడు. "నీ వెనక సైకిలోడు గంట కొడతా వచ్చినాడే, పక్కకు జరగలేదేమబ్బా?" అన్నాడు.

"నువ్వు విన్నావా గంట?" అని చేత్తో సైగ చేసి అడిగినా.

"నేనేం వింటా. వాని బొటనవేలు కదిలేది చూసినా" అన్నాడు.

షెడ్డంతా పగలబడి నవ్వినాము. నేను అందరికంటే జాస్తి నవ్వినా.

ఆ రోజుల్లో కారు సెట్ల దొంగతనాలు ఎక్కువ. కొండకొచ్చినోళ్లు దర్శనం చేసుకొని వచ్చేలోపల డాష్‌బోర్డులో బొక్క తప్ప ఏమీ మిగిలేది కాదు. అందుకని దొంగ అలారం ఉండే సెట్లు వచ్చినాయి. సెట్టు వెనక నుంచి ఒక వైరు వచ్చి, బండి ఇనుముకు బోల్టుతో బిగించి ఉంటాది. ఎవుడన్నా సెట్టు పీకితే ఆ వైరు ఊడుతాది. ఊడగానే లోపలుండే చిన్న బజరు ముందు సన్నగా కుయ్‌మంటాది. అది సొంతదారుడికి హెచ్చరిక. అప్పటికీ వైరు మళ్లీ తగలకపోతే హారను ఎత్తుకుంటాది, ఇంక వీధి వీధంతా లేస్తాది. ఈ కథకు మీకు తెలియాల్సిన విద్య ఇంతే.

చిత్తూరు పక్క ఒక ట్రావెల్సు ఓనరు ఉండె. మామిడి తోటలుండే ఇల్లు. యాత్రికులను తిప్పే ఆయన కొత్త వ్యానులో ఇట్లాంటి సెట్టు బిగించినారు, నా దగ్గర కాదు, మద్రాసులో. ఆ బండి నడిపేవాడు ఏర్పేడు పక్క పల్లెటూరోడు. నడివయసు, మాట తక్కువ, బండి అద్దాన్ని తన మొహం కన్నా శుభ్రంగా తుడుచుకునే మనిషి. కొన్నాళ్లుగా ఆ బండి ఉన్నట్టుండి హారను కొట్టుకుంటా అరవడం మొదలుపెట్టింది. ఒకసారి పూతలపట్టు కూడలిలో మలుపు తిరుగుతా ఉంటే ఎత్తుకుందంట. లోపల గుండ్లు కొట్టించుకోనున్న ముసిలోళ్లు బాంబు పేలతాదేమోనని తలుపు తోసుకొని రోడ్డు మీదికి దూకినారంట.

ఓనరే డ్రైవరును వెంటబెట్టుకొని షెడ్డుకొచ్చినాడు.

"ఏమప్పా, ఈ సెట్టు అమ్మినోడు ఒకటే మాట చెప్పినాడు. ఎవురన్నా చెయ్యి పెడితేనే కూస్తాదంట. ఇది కూస్తా ఉండాది. దినమంతా బండిలో ఉండేది వీడొక్కడే. పోయినేడు ఒకడు నా సెట్టు పీకి అమ్ముకొని పోయినాడు. వీడు చెయ్యి పెట్టినాడా లేదా, నువ్వు సూసి చెప్పు. పెట్టినాడంటే తాళాలు ఈ షెడ్డులోనే తీసుకుంటా" అన్నాడు.

ఆయన టీకి పోయినాక డ్రైవరు నా పక్కనొచ్చి నిలబడినాడు. "అన్నా, దొంగ అనే పేరు పడితే నాకు ఈ జిల్లాలో ఎవురూ స్టీరింగు ఇయ్యరు. నాకు ఇంకో పని రాదు" అన్నాడు. మళ్లీ తనే, "కుడి పక్కకు మలుపు తిరిగినప్పుడు ముందు సన్నగా కుయ్‌మంటాదన్నా. ఎక్కువసేపు తిరిగితే హారను ఎత్తుకుంటాది. అప్పుడు నా రెండు చేతులూ స్టీరింగు మీదనే ఉంటాయి" అన్నాడు.

ఎవుడైనా అదే చెప్తాడు కదా అనుకున్నా.

డాష్‌బోర్డు కింద దూరి చూస్తే, సెట్టు కింద నిమ్మకాయలు, మిరపకాయల దండ వేలాడతా ఉండాది. మామూలుగా బంపరుకు కడతారు దిష్టి దండ. ఈ సెట్టు మీద అందరి కండ్లు పడతా ఉండాయని ఓనరు తన చేత్తోనే రాగితీగకు గుచ్చి, సెట్టు కిందుండే బోల్టుకు చుట్టి కట్టినాడంట. అమాస అమాసకు కాయలు మారుస్తాడు. "ముట్టుకోవద్దన్నాడన్నా" అన్నాడు డ్రైవరు. తిరుపతిలో పుట్టి పెరిగినోణ్ణి, దిష్టి దండ మీద చెయ్యేసే ధైర్యం నాకు మాత్రం యాడిది? రెండు వేళ్లతో మర్యాదగా పక్కకు జరిపి నా పని నేను చూసుకున్నా. హారను రిలే చూసినా, ఫ్యూజులు చూసినా, బ్యాటరీ చూసినా. అన్నీ బాగుండాయి. వైరు లాగి చూసినా, గట్టిగానే ఉండాది.

బండెక్కి కరకంబాడి రోడ్డు మీద తిరిగినాము. ఒక మలుపులో డ్రైవరు "ఇదో అన్నా, కూసింది" అన్నాడు. నాకేమీ వినపళ్లేదు. వెనక్కి తిరిగి అదే మలుపు మళ్లీ తిప్పించినా. "ఇదో, ఇదో" అన్నాడు. ఏమీ లేదు. ఇంజను మోత, టైరు కింద గులకరాళ్లు, అంతే. నా చెవులకు వినపడనిది ఈ తిరుపతిలో ఇంకోడికి వినపడతాదా? నాకు తిక్క రేగింది.

"ఏం, నన్ను పిచ్చోణ్ణి చేస్తా ఉండావా? కుయ్ లేదు, గియ్ లేదు" అని అరిచినా.

వాడు బండిని షెడ్డు పక్కకు తిప్పినాడు. దిగినాక, "నేను అబద్ధం చెప్పేవాణ్ణయితే ఇంతకంటే మంచిది చెప్పుందునన్నా" అన్నాడు. మేస్త్రీ సుత్తి ఆపి మమ్మల్నే చూస్తా ఉండాడు.

వాణ్ణి పట్టుకునేదానికి నేనొక ఎత్తు వేసినా. బజరుకు పోయే వైర్లకు ఒక చిన్న ఎర్ర బల్బు కలిపి, స్టీరింగు పక్కన టేపుతో అంటించినా. బజరు కూస్తే బల్బు వెలగాల, కూయకపోతే వెలగదు. "రేపు పొద్దున కొండెక్కుదాం. మలుపులకు కొదవ లేదు. నువ్వు కూసిందన్నప్పుడు ఇది వెలగలేదనుకో, ఓనరుకు ఏం చెప్పాల్నో అది చెప్తా" అన్నా. వాడు బల్బును చూసి, "సరేన్నా, మంచిదే" అన్నాడు. వానికి భయం లేకపోవడం చూసి నాకు ఇంకా కోపమొచ్చింది.

మర్నాడు అలిపిరి దాటి కొండెక్కడం మొదలుపెట్టినాము. అద్దాలన్నీ ఎత్తించినా. మొదటి కుడి మలుపు.

"ఇదో" అన్నాడు.

బల్బు వెలిగింది.

నాకేమీ వినపళ్లేదు. ఎండ పడి వెలిగినట్టు కనపడిందేమోనని చేతిని అడ్డం పెట్టినా. "ఈసారి నువ్వేమీ అనద్దు. గమ్మున నడుపు" అన్నా. తర్వాతి కుడి మలుపులో బల్బు వెలిగింది. నేను బల్బును వదిలి వాని మొహం చూసినా. కనుబొమ్మ లేశమంత పైకి లేచి దిగింది. మలుపు అయిపోయ, బల్బు ఆరిపోయ. ఇంకో మలుపు. బల్బు, కనుబొమ్మ. ఆ రెండింటి నడుమ ఉండాల్సిన చప్పుడు నాకు మాత్రం లేదు.

బండ్లు ఆపుకునే తావు చూసి ఆపించినా. ఇంజను ఆపించినా. సెట్టు వెనకాల వైరును నేనే ఊడపీకినా. బల్బు వెలిగింది. డ్రైవరు మొహం చిట్లించినాడు. నేను సెట్టుకు చెవి ఆనించి పెట్టుకొని ఉండాను. నాకు లోకమంతా గమ్మున ఉండాది. అంతలో హారను అరిచింది. అది మాత్రం గుండెలో పడింది. పిట్టగోడ మీద కోతులు చెట్లలోకి దూకినాయి. వైరు మళ్లీ తగిలించినా.

"ముందు బజరు కూసిందా?" అని అడిగినా.

"కూసిందన్నా."

"సన్నగానా?"

వాడు నా కండ్లలోకి చూడకుండా, "గట్టిగానే అన్నా" అన్నాడు.

నాకు భయమేసింది. చెవులాయన యాడ అని అడుక్కుంటా వచ్చేవాళ్లంతా ఒక్కసారి కండ్ల ముందర తిరిగినారు. వాడు నిజం చెప్పినాడని తేలిందంటే, నాకు చెవులు పోయినాయని తేలినట్టే. రెండూ ఒకటే బల్బు మీద తేలిపోయినాయి. వాడు సీటు కింద నుంచి నీళ్ల బాటిలు తీసి మూత తిప్పి ఇచ్చినాడు. "నీళ్లు తాగన్నా" అన్నాడు.

వినడం చేతకాదని తెలిసినాకనే నేను చూడడం మొదలుపెట్టినా. మళ్లీ బండి కదిలింది. కుడి మలుపు రాంగానే నిమ్మకాయల దండ ఎడమకు ఊగింది. ఊగినప్పుడల్లా రాగితీగ, అలారం వైరు బిగించిన ఆ బోల్టునే లాగతా ఉండాది. అప్పుడే బల్బు వెలుగుతా ఉండాది. వంగి వేలితో గీకి చూస్తే బోల్టు కింద పచ్చగా చిలుము. ఎన్ని అమాసల నిమ్మరసం కారిందో, లోపల ఇనుమును తినేసింది. నిలబడిన బండిలో దండ ఊగదు, వైరు గట్టిగానే ఉన్నట్టుంటాది. షెడ్డులో నేను జన్మంతా వెతికినా దొరికేది కాదు. నిమ్మకాయ దిష్టి తీసేది పోయి సెట్టుకే దిష్టయి కూర్చుంది.

ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. నడుమ తిరుక్కునేదానికి లేదు, పైదాకా పోవాల్సిందే. పైన బండి ఆపి, బోల్టు గీకి శుభ్రం చేసి గట్టిగా బిగించి, దండను అద్దం కాడికి మార్చి కట్టినా. గోపురానికి దూరం నుంచే దండం పెట్టుకున్నా. ఏమి మొక్కుకోవాల్నో తెలీలేదు. దిగేటప్పుడు బల్బు ఒక్కసారి కూడా వెలగలేదు. వాడు బల్బును చూడలేదు, నేను వాణ్ణి చూడలేదు.

సందకాడ ఓనరొచ్చినాడు. షెడ్డులో అందరూ ఉండారు. నేను బోల్టు చూపించినా. "నీ డ్రైవరు చెయ్యి పెట్టలేదు సామీ. దిష్టి గట్టిది, నిమ్మకాయ తట్టుకోలేకపోయింది" అన్నా. ఆయన నమ్మేదానికి బోల్టు మళ్లీ కొంచెం వదులు చేసి, దండను పాత తావులో తగిలించి, చేత్తో ఊపినా. బల్బు వెలిగింది. ఓనరు ఉలిక్కిపడినాడు. షెడ్డులో ఉండేవాళ్లంతా తలలు తిప్పినారు. నేను, మేస్త్రీ, ఇద్దరమే తిప్పలేదు.

ఓనరు నా పక్క చూసినాడు. "ఇంత గట్టిగా కూస్తా ఉండాదే! రేడియో మెకానిక్కువి, నిన్నంతా బండిలో తిరిగినావు. నీకు వినపళ్లేదా?"

ఏమి చెప్పినా పోయేది నా కూడే.

డ్రైవరు ముందరికొచ్చినాడు. "విన్నాడు సామీ. నిన్ననే విన్నాడు. యాడ నుంచి వస్తా ఉండాదో పట్టుకునేదానికే ఈ పొద్దు కొండెక్కినాము."

"మరి నిన్ననే నాకెందుకు చెప్పలేదు?"

"సగం తెలిసి చెప్పేదెందుకు, పూర్తిగా తేలినాక చెప్దామని నేనే అన్నా సామీ" అన్నాడు.

ఓనరు తల ఊపి, తాళాలు వాని చేతిలోనే పెట్టి పోయినాడు. ఇన్నాళ్లూ వాడు నిజం చెప్తే ఒక్కడూ నమ్మలేదు, నాతో సహా. నాకోసం ఒక అబద్ధం చెప్తే టక్కున నమ్మేసినారు. వాడు బండెక్కతా, బల్బు ఊడబీకి నా చేతిలో పెట్టినాడు. "ఇది నీ దగ్గర ఉండనీన్నా" అన్నాడు.

అందరూ పోయినాక మేస్త్రీ వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. ఆయనకు ఎవురూ చెప్పలేదు, చూసినాడు. "ముందు పిట్టలు పోతాయబ్బా. తర్వాత సైకిలు గంటలు. ఆ తర్వాత ఆడోళ్లు, చిన్న పిల్లోళ్లు. లారీలు మాత్రం సచ్చేదాకా పోవు" అన్నాడు. అని నవ్వినాడు. తర్వాత, "నువ్వు నన్ను చూసి నవ్వినప్పుడంతా నాకు కోపం రాలేదు. నీ తలకాయ నా సుత్తి పక్కనే ఉండాదే అని బాధేసేది. జరిగి కూర్చోమని చెప్తే నువ్వు వినే రకమా?" అన్నాడు. ఆయన చేతులు పట్టుకున్నా. ఇద్దరు చెవిటోళ్లు మాట్లాడుకునేదేముంటాది.

ఆడోళ్లు అన్న మాట దారి పొడుగునా నన్ను వదల్లేదు. మా ఇంటామెది సన్న గొంతు. పెండ్లయిన కొత్తలో ఆ గొంతు వినేదానికే మద్దేన్నం పని వదిలేసి అన్నానికి ఇంటికి పోయేవాణ్ణి. కొన్నేండ్లుగా ఆమె మాట్లాడడం తగ్గించేసింది. కంచం తెచ్చి ముందర పెట్టేది, పోయేది. "బండరాయిని కట్టుకున్నా" అని పక్కింటామెతో చెప్పుకుంటా ఉంటే నేనూ మొహం మాడ్చుకొని తిరిగేవాణ్ణి. వయసయినాక ఏ ఇంట్లో అయినా ఇంతేలే అనుకున్నా. ఆమె నాతో మాట్లాడడం ఆపేసిందనుకున్నా. వంటింట్లో నుంచి ఆమె పిలిచీ పిలిచీ, జవాబు రాక అలిసిపోయిందని నాకు తెలీలేదు.

ఆ సందకాడ నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి ముందర, ఆమె పెదాలు కనపడేట్టు కూర్చున్నా. చెప్పినా. పొయ్యి మంట తగ్గించి నా పక్క తిరిగింది.

"ఎప్పటి నుంచి?" అంది.

"తెలీదు."

"నేను పిలిచింది వినపళ్లేదా?"

"లేదు."

"తిట్టింది కూడా?"

"లేదు."

"అయ్యో నా రాత! అన్ని తిట్లూ దండగయిపోయనే" అని నవ్వింది. నవ్వతానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చినా. ఇంట్లో అంత మాట్లాడుకొని చాలా ఏండ్లయింది.

ఆ ఆదివారం వంటింటి గోడకు కాలింగ్‌బెల్ బటను ఒకటి పెట్టినా. ముందర వసారాలో నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా, కొండ మీద వెలిగిన ఆ ఎర్ర బల్బునే బిగించినా. బటను నొక్కిపెట్టినంతసేపే వెలుగుతాది. ఒకసారి నొక్కితే అన్నం. ఆపకుండా టకటకా నొక్కితే కోపం. ఒక్కోసారి ఏమీ లేకుండానే వెలిగేది. పోయి ఏమని అడిగితే, "ఊరికే, ఉండావో లేదో చూసినా" అనేది.

షెడ్డులో సెట్ల పని మెల్లగా వదిలేసి లైట్లు, సెల్ఫు మోటార్ల పనికి దిగినా. ఆ డ్రైవరు గిరాకీ లేని దినాల్లో వచ్చి నా బల్ల కాడ కూర్చునేవాడు. ఎవురన్నా సెట్టు తెస్తే, నేను కండ్లు మూసుకొని తల ఊపేవాణ్ణి, వాడు వెనక నిలబడి, ఎడమ స్పీకరు బాగలేకపోతే నా ఎడమ భుజం మీద వేలు పెట్టేవాడు. ఇట్ల కొన్నాళ్లు చెవులాయన పేరు వాడే నిలబెట్టినాడు. తర్వాత సూళ్లూరుపేట పక్క ఒక కంపెనీ బస్సు దొరికితే పోయినాడు. మేస్త్రీ కూడా పోయినాడు, ఆయన పోయింది ఇంకో తావకు. లారీలు మాత్రం ఆయన చెప్పినట్టే ఇంకా వినపడతానే ఉండాయి.

మీకు చెప్పాల్సిన బుద్ధి ఏమన్నా ఉంటే ఒకటే. సుత్తి మోత కాడ చెవుల్లో దూది పెట్టుకోండి, మీ చెవికి అందనిదంతా అబద్ధమనుకోవద్దండి. ఇంకేం లేదు.

మా ఇంటామె పోయినాక కూడా ఆ బల్బు తీయలేదు. బాగానే ఉండాది, వైరు నేనే వేసింది కదా. ఒక్కోనాడు సందకాడ ఊరుకోలేక వంటింట్లోకి పోయి బటను నొక్కుతా. నొక్కిపెట్టి మెడ చాపి చూస్తా, గోడ అడ్డం. వదిలేసి బిరబిరా వసారాలోకి వచ్చి చూస్తా, అప్పటికి ఆరిపోయి ఉంటాది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ బల్బు వెలిగేది చూడాలంటే ఇంట్లో ఇద్దరుండాల.